కరెంటు సర్కారుది, మరి లాస్ ఎవరిది?

డిస్కమ్‌లను, అంటే ఇంటింటికి కరెంటు పంచే సర్కారు కంపెనీలను, ప్రైవేటుకు ఇస్తరట అనే వార్త వచ్చిందంటే చాలు రెండు మాటలు మొదలైతయి. సర్కారు చేతిలో ఉంటే ఫ్యూజ్ పోయినా లైన్‌మన్ ఎప్పుడొస్తడో తెలువదు అని ఒకళ్లు, ప్రైవేటోడి చేతికి పోతే బిల్లు కట్టలేక చస్తం అని ఇంకొకళ్లు. రెండింట్లనూ కొంత నిజం ఉంది. గాని ఎవరి బోర్డు పెట్టుకున్నరు అన్నదాని కన్నా, ఊరి చివరి ఇంటికి వైరు గుంజితే వచ్చే లాస్ ఎవరి ఖాతాల రాస్తరు అన్నది చాలా పెద్ద ప్రశ్న. వేరే దేశాలు కరెంటును సర్కారు చేతికి తీసుకున్నప్పుడు ఏం చేసినయి, మన దేశం ఏం చేసింది, దాంట్ల మన ఉత్తర తెలంగాణకు ఏం ఒరిగింది, ఇవన్నీ ఈ ఒక్క ప్రశ్న పెట్టుకుని చూస్తేనే అర్థమైతయి.

ముందు బ్రిటన్ సంగతి చూద్దాం, ఎందుకంటే మన చట్టానికి నమూనా అక్కడిదే. రెండో ప్రపంచ యుద్ధం ముందు అక్కడ కరెంటు సప్లై అంతా ముక్కలు ముక్కలుగా ఉండేది. 500కు పైగా సప్లై సంస్థలు, కొన్ని ప్రైవేటు కంపెనీలు, ఎక్కువ శాతం మున్సిపాలిటీలవి, ఒక ఊర్ల ఒక వోల్టేజ్ ఉంటే పక్క ఊర్ల ఇంకో వోల్టేజ్, ఇల్లు మారితే సామాను పనికిరాని పరిస్థితి. 1926ల సెంట్రల్ ఎలక్ట్రిసిటీ బోర్డ్ అని పెట్టి 132 కేవీ నేషనల్ గ్రిడ్ కట్టిండ్రు, అంటే పెద్ద లైన్లు అప్పుడే పబ్లిక్ చేతికొచ్చినయి, గాని ఇంటికి కరెంటు ఇచ్చే కాడ మాత్రం పాత గందరగోళం అట్లనే ఉండిపోయింది. సిటీల కంపెనీలకు లాభాలు, పల్లెలకు లైన్లే లేవు. లేబర్ పార్టీ గవర్నమెంట్ 1947ల ఎలక్ట్రిసిటీ యాక్ట్ తెచ్చింది, 1948 ఏప్రిల్ 1 నాడు ఒక్కరోజుల ఈ సంస్థలన్నీ, వాటి ప్లాంట్లు, వైర్లు, అప్పులు, ఉద్యోగులతో సహా బ్రిటిష్ ఎలక్ట్రిసిటీ అథారిటీ కిందికి, 14 ఏరియా బోర్డుల కిందికి వచ్చేసినయి.

ఇక్కడ ఒక సంగతి పెద్దగా ఎవరూ మాట్లాడరు. ప్రైవేటు కంపెనీల షేర్‌హోల్డర్లకు మార్కెట్ రేటు లెక్కగట్టి గవర్నమెంట్ గ్యారంటీ ఉన్న స్టాక్ ఇచ్చిండ్రు, దానికి ఏటా వడ్డీ. అదే మున్సిపాలిటీలకు? వాళ్ల అప్పులు నెత్తికి ఎత్తుకున్నరు, అంతే, ఆస్తికి అసలు విలువ కట్టి ఇయ్యలేదు, ఒక పబ్లిక్ సంస్థ నుంచి ఇంకో పబ్లిక్ సంస్థకు పోతున్నది గదా, మళ్లీ పైసలెందుకు అన్నరు. ఊరి జనం పన్నులతోని, బిల్లులతోని కట్టుకున్న పవర్ హౌస్‌లు అట్ల కేంద్రం చేతికి పోయినయి. అంటే నేషనలైజేషన్ అనంగనే ప్రైవేటోడి ఆస్తి గుంజుకోవడమే అనుకుంటం గాని, బ్రిటన్‌ల ఎక్కువ గుంజుకున్నది ఊళ్ల దగ్గర. ఆ వడ్డీ భారం మాత్రం కొత్త సంస్థ మీద, అంటే బిల్లు కట్టేటోళ్ల మీద పడ్డది. అయినా లాభం జరిగిందా అంటే జరిగింది, ఏరియా బోర్డుల మీద పల్లెలకు లైన్లు ఎయ్యాలె అనే బాధ్యత చట్టంలనే పెట్టిండ్రు, సిటీల వచ్చే పైసలు, పల్లెల అయ్యే ఖర్చు ఒకే గంపల పడ్డయి. ఈ ఒకే గంప అన్నదే అసలు కీలకం, ముందు ముందు మళ్లీ మళ్లీ దీని దగ్గరికే వస్తం.

ఫ్రాన్స్ రెండేళ్ల ముందే, 1946 ఏప్రిల్ 8 నాడు చట్టం చేసింది. అప్పటి మంత్రి మార్సెల్ పాల్ కమ్యూనిస్టు, స్వయంగా ఎలక్ట్రీషియన్ పని చేసినోడు, నాజీల క్యాంపుల నుంచి బతికి వచ్చినోడు. వెయ్యికి పైగా కంపెనీలు కలిపి ఈడీఎఫ్ అనే ఒకే సర్కారు కరెంటు కంపెనీ అయింది, గాని స్ట్రాస్‌బర్గ్, గ్రెనోబుల్ లాంటి కొన్ని ఊళ్ల లోకల్ సంస్థలను మాత్రం ముట్టుకోలేదు. ఇటలీ 1962 డిసెంబర్‌ల ఎనెల్ అనే సర్కారు కరెంటు సంస్థ పెట్టింది, అక్కడ ఇంకో తిరకాసు. నష్టపరిహారం షేర్‌హోల్డర్లకు కాకుండా కంపెనీలకే, అదీ పదేళ్ల వాయిదాల్ల ఇచ్చిండ్రు. దాంతోని కరెంటు ప్లాంట్లు పోయినా కంపెనీలు మాత్రం పైసలతోని నిలబడ్డయి, ఎడిసన్ అనే పెద్ద కంపెనీ ఆ పైసలు పట్టుకుని కెమికల్స్ వ్యాపారంలకు పోయి 1966ల మోంటెడిసన్ అయింది. ఆ కరెంటు పైసలు ఊళ్లకు లైన్లుగా మారినయా అంటే లేదు, ఫ్యాక్టరీలుగా మారినయి. ఇంకో బాధాకరమైన విషయం ఏందంటే ఒక ప్రైవేటు కంపెనీ కట్టిన వాయోంట్ డ్యామ్ 1963ల ఎనెల్ చేతికి వచ్చింది, అదే ఏడాది అక్టోబర్ 9 రాత్రి కొండచరియ రిజర్వాయర్‌ల పడి నీళ్లు డ్యామ్ మీదికెల్లి దూకి దాదాపు 2000 మంది చనిపోయిండ్రు. ఆస్తి తీసుకుంటే దాని వెనుక దాగి ఉన్న ప్రమాదం కూడా సర్కారు చేతికే వస్తది.

ఇగ మన దేశం. స్వాతంత్ర్యం వచ్చిన నాటికి దేశం మొత్తం కరెంటు కెపాసిటీ 1362 మెగావాట్లు. ఇప్పుడు రామగుండం ఎన్టీపీసీ ఒక్కటే 2600 మెగావాట్లు అంటే అప్పటి లెక్క ఎంత చిన్నదో చూడండి. దేశం మొత్తంల కరెంటు ఉన్న ఊళ్లు సుమారు 1500. ఎక్కువ భాగం ప్రైవేటు కంపెనీల చేతిల, అదీ కలకత్తా, బొంబాయి, మద్రాసు లాంటి కాడ. అంబేద్కర్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌ల లేబర్ మెంబర్‌గా ఉన్నప్పుడు కరెంటు విషయం ఆయన కిందనే ఉండేది, కరెంటు ప్రైవేటుది కావాల్నా స్టేట్‌ది కావాల్నా అన్న ప్రశ్న 1943లనే ఆయన కమిటీ ముందు పెట్టిండు. ఆ పునాది మీదనే 1948ల ఎలక్ట్రిసిటీ సప్లై యాక్ట్ వచ్చింది, దాని కింద రాష్ట్రాలల్ల ఎలక్ట్రిసిటీ బోర్డులు. 1956 ఇండస్ట్రియల్ పాలసీల కరెంటు తయారీ, పంపిణీ రెండింటినీ సర్కారు కోసం పెట్టిన లిస్టుల రాసిండ్రు.

గాని మన దగ్గర బ్రిటన్ లెక్క ఒక్కరోజుల తీసుకున్నది ఏమీ లేదు, ఇది చాలామందికి తెలువదు. 1910 నాటి చట్టం ప్రకారం లైసెన్స్ ఉన్న కంపెనీలను ఆ లైసెన్స్ టైమ్ అయిపోయేదాకా నడవనిచ్చిండ్రు, అయిపోయినంక కొనే హక్కు ముందు బోర్డుకు. అప్పటిదాకా లాభానికి చట్టంల సీలింగ్ పెట్టిండ్రు. కలకత్తా, అహ్మదాబాద్, ముంబై లాంటి పెద్ద సిటీల కంపెనీలు ఇప్పటికీ ప్రైవేటుల నడుస్తున్నయంటే కారణం ఇదే, మంచి లాభం వచ్చే పెద్ద పెద్ద సిటీలు కొన్ని గంపల నుంచి బయటే ఉండిపోయినయి. తెలుగు ప్రాంతంల కూడా ఒక పెద్ద కేసు నడిచింది, మద్రాసు గవర్నమెంట్ 1949ల చట్టం చేసి రాజమండ్రి ఎలక్ట్రిక్ సప్లై కంపెనీని తీసుకోబోతే కంపెనీ కోర్టుకు పోయింది, 1954ల సుప్రీంకోర్టు ఆ చట్టం చేసే అధికారమే ఆ లెజిస్లేచర్‌కు లేకుండే అని కొట్టేసింది. చెప్పినంత ఈజీగా ఏదీ సర్కారుది కాలేదు.

తెలంగాణల కథ వేరే. నిజాం కాలంల హైదరాబాద్‌ల కరెంటు సర్కారు డిపార్ట్‌మెంట్ పనే, హుస్సేన్ సాగర్ ఒడ్డున థర్మల్ స్టేషన్ 1920ల వచ్చింది, తర్వాత నిజాంసాగర్ దగ్గర హైడల్. బొగ్గు కూడా అంతే, సింగరేణి మెజారిటీ షేర్లు 1945లనే నిజాం సర్కారు చేతికి వచ్చినయి, దేశం మొత్తంల బొగ్గు గనుల నేషనలైజేషన్ 1970లల్ల జరిగితే ఇక్కడ పాతికేళ్ల ముందే అయిపోయింది. 1956ల ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డది, 1959 ఏప్రిల్ 1న ఏపీఎస్‌ఈబీ, అంటే ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఎలక్ట్రిసిటీ బోర్డు వచ్చింది. పాత మనుషులు ఇప్పటికీ కరెంటు ఆఫీసును బోర్డు ఆఫీసు అంటరు గదా, ఆ బోర్డు ఇదే.

ఈ బోర్డు మనకు ఏం చేసింది అని నిజాయితీగా లెక్క చూడాలె. గోదావరి ఒడ్డున ఉత్పత్తి చానా పెరిగింది. రామగుండంల 62.5 మెగావాట్ల బి స్టేషన్ 1971ల మొదలై 2024 దాకా నడిచింది, కొత్తగూడెం థర్మల్ ప్లాంట్ (కేటీపీఎస్) వచ్చింది, 1983 నుంచి రామగుండం ఎన్టీపీసీ యూనిట్లు ఒకటొకటిగ లైన్‌ల పడ్డయి, తర్వాత కాలంల చెల్పూరు దగ్గర కాకతీయ ప్లాంట్, మంచిర్యాల జిల్లా జైపూర్‌ల సింగరేణి సొంత ప్లాంట్. ఒక ప్రైవేటు కంపెనీ 1970లల్ల గోదావరిఖని దిక్కు ఇంత పెట్టుబడి పెట్టేదా అంటే నమ్మడం కష్టం. అయితే ఎన్టీపీసీ కేంద్రానిది, దాని కరెంటు తమిళనాడు, కర్ణాటక, కేరళ దాకా పంచుతరు. బొగ్గు ఇక్కడిది, నీళ్లు ఇక్కడివి, బూడిద ఇక్కడ పడతది, చుట్టు ఊళ్లల్ల మాత్రం సాయంత్రం అయితే లో వోల్టేజ్‌తోని బల్బు ఎర్రగ వెలిగేది. తయారీ మీద పెట్టినంత పైస పంపిణీ మీద పెట్టలే అనేది మొదటి తప్పు.

రెండోది ఇంకా లోతైన సమస్య, బాయికాడి మోటర్. వరంగల్, కరీంనగర్ పాత జిల్లాల్ల కాలువ నీళ్లు వచ్చే కాడికి వచ్చినయి, రానికాడ అంతా బాయి, తర్వాత బోరు. అంటే కోస్తాల రైతుకు డెల్టా కాలువ ఏం చేసిందో ఇక్కడి రైతుకు కరెంటు వైరు అదే చెయ్యాలె. కాలువ కట్టిన ఖర్చు సర్కారు భరించింది, రైతు నుంచి నామమాత్రం శిస్తు తీసుకుంది, ఎవరూ దాన్ని లాస్ అని రాయలే. అదే నీళ్లు కరెంటు మోటర్‌తోని ఎత్తుకుంటే మాత్రం బోర్డు లెక్కల్ల అది లాస్ అయింది. ఈ తేడా అర్థం కాకపోతే మిగతాదేదీ అర్థం కాదు. 1980ల మొదట్ల మీటర్లు తీసేసి హెచ్‌పీకి ఏడాదికి ఇంత అని స్లాబ్ రేటు పెట్టిండ్రు, ఎన్టీఆర్ కాలంల హెచ్‌పీకి 50 రూపాయలు. 2004 మే నుంచి ఉచిత కరెంటు. తెలంగాణ వచ్చినంక 2018 జనవరి 1 నుంచి 24 గంటలు.

రైతుకు ఇచ్చుడు తప్పు కాదు, ఇక్కడ ఇవ్వకపోతే పొలం బీడే. గాని మీటర్ తీసేయడంతోని ఇంకోటి జరిగింది. ఎంత కరెంటు పొలానికి పోయిందో, ఎంత వైర్లల్ల కరిగిపోయిందో, ఎంత దొంగతనంల పోయిందో లెక్క చెప్పే సాధనమే లేకుండ పోయింది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కొలవకుండా అందాజ లెక్క రాసుకుంటే, ఎక్కడ లాస్ వచ్చినా వ్యవసాయం కింద రాసెయ్యచ్చు. ఏళ్ల తరబడి అదే అయింది, సిటీల పెద్దోళ్లు కొట్టేసిన కరెంటు కూడా రైతు ఖాతాలకు పోయింది, ఆఖరికి బోర్డు దివాళాకు కారణం రైతే అన్న మాట మిగిలింది. ఇది రైతులకు జరిగిన పెద్ద అన్యాయం. అటు లో వోల్టేజ్ వల్ల మోటర్లు కాలినయి, ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉండాల్సిన దానికన్నా ఎక్కువ మోటర్లు, కరెంటు రాంగనే అన్నీ ఒక్కసారి ఎత్తుకునే ఆటో స్టార్టర్లు, కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను రైతులే చందాలేసుకుని ట్రాక్టర్ మీద రిపేర్‌కు తీస్కపోయేది. రాత్రిపూట ఇచ్చే త్రీఫేజ్ కోసం చీకట్ల బాయికాడికి పోయి పాము కరిచి, షాక్ కొట్టి ఎంతమంది పోయిండ్రో ఊరూరికి తెలుసు. ఉచితం అన్న పేరే గాని రైతు కాలిన మోటర్‌కు వైండింగ్ కట్టించిన పైసలు ఏ లెక్కల రాసిండ్రు?

బోర్డు నిండ మునిగినంక 1998ల రిఫార్మ్ యాక్ట్ వచ్చింది, ప్రపంచ బ్యాంక్ లోన్ వెనుక ఉంది. 1999 ఫిబ్రవరిల బోర్డును కరెంటు తయారు చేసే జెన్‌కో, పెద్ద లైన్లు చూసే ట్రాన్స్‌కో అని చీల్చిండ్రు, 2000ల నాలుగు డిస్కమ్‌లు చేసిండ్రు, వరంగల్ హెడ్ ఆఫీసుగా ఉత్తర తెలంగాణ డిస్కమ్ ఎన్పీడీసీఎల్ అట్ల వచ్చింది, పాత ఐదు జిల్లాలు ఆదిలాబాద్, నిజామాబాద్, కరీంనగర్, వరంగల్, ఖమ్మం దాని కింద. ప్లాన్ ఏందంటే ముందు ముక్కలు చెయ్యాలె, రేట్లు పెంచాలె, తర్వాత ప్రైవేటుకు ఇయ్యాలె. 2000ల రేట్లు పెరిగినయి, జనం రోడ్డెక్కిండ్రు, ఆగస్టు 28 నాడు బషీర్‌బాగ్‌ల పోలీసు కాల్పుల్ల ప్రాణాలు పోయినయి. ఆ తర్వాత డిస్కమ్‌లు అమ్ముడు ముచ్చట ముందుకు పోలే. ఒడిశా మాత్రం 1999ల అమ్మేసింది, సైక్లోన్ వచ్చి లైన్లు కొట్టుకపోయినంక సెంట్రల్ ఒడిశా డిస్కమ్ తీసుకున్న అమెరికా కంపెనీ చేతులెత్తేసి పోయింది, మళ్లీ రెగ్యులేటర్ (కరెంటు రేట్లు ఖరారు చేసే కమిషన్) చేతికే వచ్చింది, చాలా ఏళ్ల తర్వాత ఇప్పుడు మళ్లీ వేరే కంపెనీకి ఇచ్చిండ్రు. లాభం ఉన్నంతసేపే ఓనర్ ఉంటడు, తుఫాన్ వస్తే సర్కారే దిక్కు అన్నది అక్కడ కండ్ల ముందట కనిపించింది.

అయితే చీల్చి పేరు మార్చంగనే ఎన్పీడీసీఎల్ పరిస్థితి మారలే, మారడానికి లెక్కల ప్రకారమే వీలు లేదు. హైదరాబాద్ చుట్టు ఉన్న డిస్కమ్‌కు ఫ్యాక్టరీలు, ఐటీ ఆఫీసులు, పెద్ద పెద్ద మాల్స్ ఉన్నయి, వాళ్లు యూనిట్‌కు ఖర్చు కన్నా ఎక్కువ కడతరు, దాంతోని పేదోళ్ల బిల్లు సర్దుకోవచ్చు. ఉత్తరం దిక్కు డిస్కమ్‌కు ఏముంది? సింగరేణి, కొన్ని సిమెంట్ ఫ్యాక్టరీలు, రైస్ మిల్లులు, జిన్నింగ్ మిల్లులు, మిగిలింది అంతా పొలాల మోటర్లు, చిన్న ఇండ్లు. బోర్డు ఉన్నప్పుడు రాష్ట్రం మొత్తం ఒకే గంప, హైదరాబాద్ పైస ఏటూరునాగారం గూడేనికి పోయేది. గంపను చీల్చంగనే లాభం ఒక దిక్కు, లోడ్ ఒక దిక్కు అయింది. ఆ గ్యాప్ నింపడానికి రాష్ట్రం మొత్తానికి ఒకే రిటైల్ రేటు పెట్టి, కొనే కరెంటు రేట్లల్ల, సబ్సిడీల సర్దుబాటు చేస్తున్నరు, అంటే చీల్చిన దాన్నే ఇంకో దారిల కలపాల్సి వచ్చింది.

ఆ సబ్సిడీ టైముకు వస్తే ఇంత కష్టం ఉండకపోయేది. ఎన్నికల ముందర మాట ఇచ్చేది సర్కారు, ఇచ్చేది డిస్కమ్, పైసలు మాత్రం లేటుగ, కొన్నిసార్లు సగం. లిఫ్ట్ ఇరిగేషన్ పంపులు, మున్సిపాలిటీల వీధి లైట్లు, సర్కారు ఆఫీసులు, ఇవన్నీ కూడా బకాయిలే. డిస్కమ్ అప్పు తెచ్చి జెన్‌కోకు, సింగరేణికి కట్టాలె, అదీ సరిపోక వాటికి బాకీ పెట్టాలె. 2017ల డిస్కమ్‌ల అప్పు తీర్చేందుకు కేంద్రం తెచ్చిన ఉదయ్ స్కీమ్ కింద తెలంగాణ సర్కారు డిస్కమ్‌ల అప్పుల్ల 75 శాతం, అంటే సుమారు 8,923 కోట్లు తన నెత్తికి ఎత్తుకునేందుకు ఒప్పుకుంది. ఏడేండ్లు తిరగకముందే 2023 డిసెంబర్‌ల అసెంబ్లీల పెట్టిన శ్వేతపత్రంల విద్యుత్ సంస్థల మొత్తం అప్పు 81,516 కోట్లు అని వచ్చింది. ఏ పార్టీ ఎంత చేసింది అన్న పంచాయితీ పక్కన పెడితే, రోగం పార్టీలకు అతీతంగ నలభై ఏండ్ల నుంచి ఒక్కటే.

ఇదే కథ ఫ్రాన్స్‌ల కూడా నడిచింది, అదీ ధనిక దేశంల. ఈడీఎఫ్ షేర్లు 2005ల కొంత అమ్మిండ్రు. 2022ల ఉక్రెయిన్ యుద్ధం వల్ల యూరప్‌ల రేట్లు ఆకాశానికి పోతే జనానికి బిల్లు పెరగద్దని సర్కారు సీలింగ్ పెట్టింది, తక్కువ రేటుకే ఇంకా ఎక్కువ కరెంటు అమ్ముమని ఈడీఎఫ్‌కు చెప్పింది. అదే టైముల న్యూక్లియర్ రియాక్టర్ల పైపుల్ల పగుళ్లు తేలి చాలా యూనిట్లు బందు పడ్డయి. ఆ ఏడాది ఈడీఎఫ్‌కు 1790 కోట్ల యూరోల లాస్. ఆఖరికి 2023 జూన్‌ల సర్కారు మిగతా షేర్లన్నీ కొనేసి మళ్లీ పూర్తిగ తనదే చేసుకుంది. బ్రిటన్ కూడా 1990ల ముక్కలు చేసి అమ్మిన తర్వాత, గ్రిడ్‌ను ఆపరేట్ చేసే సంస్థను 2024 అక్టోబర్‌ల మళ్లీ పబ్లిక్ చేతికి తీసుకుంది. అమ్మినా లాస్ తిరిగి సర్కారు ఇంటికే వచ్చింది, అసొంటప్పుడు మొదటి నుంచే లెక్క తేటగ పెట్టుకుంటే అయిపోతది గదా.

మన దగ్గరే ఇంకో దారి కూడా ఉంది, దాన్ని సరిగ్గ చదివినోళ్లు తక్కువ. సిరిసిల్ల సెస్. 1969ల రూరల్ ఎలక్ట్రిఫికేషన్ కార్పొరేషన్ వచ్చినంక దేశంల ఐదు చోట్ల ప్రయోగంగ కరెంటు సహకార సంఘాలు పెట్టిండ్రు, అందుల సిరిసిల్ల ఒకటి, 1970 నుంచి నడుస్తున్నది. కరెంటు వాడేటోళ్లే మెంబర్లు, డిస్కమ్ దగ్గర బల్క్‌ల కరెంటు కొని ఇంటింటికి, సాంచెలకు (మరమగ్గాలకు), మోటర్లకు ఇస్తది. డైరెక్టర్ల ఎలక్షన్లు అసెంబ్లీ ఎలక్షన్ల లెక్క కొట్లాటగ జరుగుతయి, పార్టీలు నేరుగ దిగుతయి, బకాయిలు, రాజకీయాలు ఇక్కడా ఉన్నయి. అయినా ట్రాన్స్‌ఫార్మర్ కాలితే ఎవరిని పట్టుకోవాలో జనానికి తెలుసు, ఓటు అడగడానికి వచ్చినప్పుడు గల్ల పట్టి అడగచ్చు. బ్రిటన్‌ల మున్సిపాలిటీల దగ్గర గుంజుకున్నది ఈ అడిగే హక్కునే. సర్కారు ఆస్తి అన్నంత మాత్రాన అది దానంతట జనం ఆస్తి కాదు అన్నందుకు సెస్ మంచి ఉదాహరణ. అయితే సెస్ కూడా పూర్తిగ సొంత కాళ్ల మీద లేదు, సాంచెల సబ్సిడీ, వ్యవసాయ సబ్సిడీ రెండూ రాష్ట్రం నుంచి రావాల్సిందే, అవి ఆగితే అక్కడా అదే సమస్య.

కేంద్రం 2022 ఆగస్టుల లోక్‌సభల పెట్టిన సవరణ బిల్లుల మెయిన్ సంగతి ఏందంటే ఒకే ఏరియాల ఒకటి కన్నా ఎక్కువ కంపెనీలు కరెంటు అమ్మచ్చు, ఇప్పుడున్న డిస్కమ్ వైర్లను చార్జీ కట్టి వాడుకోవచ్చు. ఆ బిల్లు కమిటీకి పోయింది, గాని ఆలోచన మాత్రం పోలే, మళ్లీ మళ్లీ వస్తున్నది. కాంపిటీషన్ వస్తే రేటు తగ్గుతది అంటరు. వరంగల్ చూడండి. కొత్తగ వచ్చే కంపెనీ హనుమకొండ చౌరస్తా షాపులు, ప్రైవేటు హాస్పిటళ్లు, కాలేజీ హాస్టళ్లు, టెక్స్‌టైల్ పార్క్ చూసుకుంటది, వాళ్లకు యూనిట్‌కు రూపాయి తగ్గించి ఇచ్చినా దానికి లాభమే. జనగామ దిక్కు బోర్ల ఫీడర్, మంగపేట, తాడ్వాయి అడవిల కిలోమీటర్ల లైన్ చివర పది ఇండ్లు, ఇవన్నీ పాత డిస్కమ్ దగ్గరే ఉంటయి, అవి చూసుకోవడానికి సిటీల నుంచి వచ్చే పైస మాత్రం తగ్గిపోతది. కొత్త కంపెనీ కూడా అందరికీ ఇయ్యాలె అని కాగితం మీద రాసినా, లాభం లేని కాడ ఎంత మెల్లగ పనిచేస్తదో ఒడిశాల చూసినం.

కాబట్టి డిస్కమ్ సర్కారు చేతిలనే ఉండాలె అన్నది న్యాయమే. గాని ఉద్యోగ సంఘాలు, పార్టీలు ఆ ఒక్క డిమాండ్ దగ్గరే ఆగుతున్నయి, 2003 ఎలక్ట్రిసిటీ యాక్ట్‌ల 65వ సెక్షన్ గురించి రోడ్డు మీద ఎవరూ మాట్లాడరు. రాష్ట్రం ఏ వర్గానికైనా సబ్సిడీ ఇయ్యాలనుకుంటే ఆ పైస డిస్కమ్‌కు ముందుగాలనే కట్టాలె, కట్టకపోతే ఆ సబ్సిడీ రేటు చెల్లదు అని దాంట్ల ఉంది. రెగ్యులేటరీ కమిషన్ దీన్ని గట్టిగ పట్టుకోవాలె, ప్రతి వ్యవసాయ ట్రాన్స్‌ఫార్మర్ కాడ మీటర్ పెట్టాలె, రైతు మోటర్‌కు కాదు, ట్రాన్స్‌ఫార్మర్‌కు. అప్పుడు పొలానికి ఎంత పోయిందో, వైర్లల్ల ఎంత పోయిందో, సిటీల ఎవరు ఎంత కొట్టేసిండ్రో వేర్వేరు లైన్లల్ల కనపడతది, సర్కారు మూడు నెలలకొకసారి ఎంత కట్టాలె, ఎంత కట్టింది అన్నది డిస్కమ్ బిల్లు మీదనే అచ్చేస్తే చదివిన ప్రతి ఇంటోళ్లకు తెలుస్తది.